చల్లారిన బండికి రెండో గేరు

సొమ్మొకడిది, సోకొకడిది అన్న సామెత ఎవరు కట్టారో గానీ, వాళ్ళింట్లో కూడా ఇలాంటి మొగుడు ఒకడు ఉండే ఉంటాడు. లేకపోతే మాట అంత సూటిగా రాదు.

గురువారం పొద్దున పదకొండింటికి పోస్టులో వచ్చింది ఆ తెల్ల అట్ట. పళ్ళ మేడమ్ అప్పుడు పనిబల్ల ముందు కూర్చుని, ఎవరో ముసలాయన కింది దవడ అచ్చు మీద మైనంతో పళ్ళు నిలబెడుతోంది. ఆమెని అందరూ పళ్ళ మేడమ్ అనే పిలుస్తారు. ఊళ్ళో సగం మంది పంటి డాక్టర్లకి కట్టుడు పళ్ళు తయారు చేసి ఇచ్చేది ఆమే. ఇరవై రెండేళ్ళుగా ఇంటి వెనక గదిలో అదే బల్ల, అదే దీపం, అదే ప్లాస్టరు దుమ్ము. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్నవాళ్ళ చిగురు కోసుకుపోతుంది కాబట్టి ఆమె తేడా రానివ్వదు.

అట్ట మీద పాత కార్ల సంఘం ముద్ర ఉంది. ఆదివారం జరిగే కొండ పరుగులో ప్రతి కారు ముందు అద్దానికి అంటించే అట్ట అది. నంబరు పద్నాలుగు. దాని కింద మూడు గీతలు. యజమాని అన్న చోట ఆమె భర్త పేరు. నడిపేవారు అన్న చోట మళ్ళీ ఆమె భర్త పేరు. వెంట వచ్చేవారు అన్న చోట 'భార్య' అని ఉంది.

పేరు కూడా కాదు. ఉత్త భార్య.

ఆమె చేతిలో మైనం కత్తి జారి, నిలబెట్టిన పన్ను ఒకటి వంకర తిరిగింది. దాన్ని గీకేసి మళ్ళీ నిలబెట్టింది. అరికాలి మంట నెత్తికెక్కినా సరే, కోపంలో పని చెడగొట్టుకునే అలవాటు ఆమెకి లేదు. అలాంటి సుఖాలన్నీ ఆ ఇంట్లో ఒకరికే రాసిపెట్టి ఉన్నాయి.

ఇక్కడ కారు సంగతి చెప్పుకోవాలి. అది ఇటలీలో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఆమె ఏ ఏడాది పుట్టిందో అదీ ఆ ఏడాదే పుట్టింది. ఆమె దాన్ని మొదటిసారి చూసింది ఒక కోళ్ళ షెడ్డులో. మంచం పట్టిన ఒక పెద్దావిడకి పళ్ళ కొలత తీసుకోవడానికి ఆ ఇంటికి వెళ్ళింది. బయటికి వస్తుంటే షెడ్డులో ఏదో గుండ్రటి దీపం కనిపించింది. దగ్గరికి వెళ్ళి చూస్తే కారు. డ్రైవరు సీట్లో కోడి పొదుగుతోంది. టాపు మీద రెట్టలు, అడుగున తుప్పు, తలుపు మీద మాత్రం అరచేతి మేర అసలు ఎరుపు మిగిలి ఉంది. ఆమెకి దాని మీద నుంచి చూపు తిప్పుకోబుద్ధి కాలేదు. నెల తిరక్కుండా తన సంపాదనతో, తన పేరు మీద కొనేసింది.

లారీలోంచి దాన్ని దింపుతుంటే భర్త గుమ్మంలో నిలబడి, "శవాన్ని ఇంటికి తెచ్చావు సరే, ఎత్తేదెప్పుడు?" అన్నాడు. ఆయనగారు బీమా ఆఫీసులో పెద్ద గుమాస్తా. ఆ జోకు ఆయనకి ఎంత నచ్చిందంటే, ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పి, నవ్వేదాకా వదిలిపెట్టేవాడు కాదు. ఆ ఒక్క జోకుతో ఆరేళ్ళు నెట్టుకొచ్చాడు.

ఆ ఆరేళ్ళూ ఆ కారు ఆమెచేత మూడు చెరువుల నీళ్ళు తాగించింది. సాయంత్రాలు, సెలవు రోజులు అన్నీ ఇంటి పక్క షెడ్డులోనే. తోడు చెవి మేస్త్రి ఒక్కడే. పాత కార్ల మెకానిక్కు, డెబ్బై దాటిన మనిషి. ఇంజనుకి గాలి పీల్చే నోళ్ళు నాలుగు ఉంటాయి. ఆయన ఒక రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఒక్కొక్క నోటి దగ్గరా పెట్టి, నాలుగూ ఒకేలా బుసకొట్టేదాకా మరలు తిప్పుతాడు. అందుకే ఆ పేరు. ఆ విద్య ఆమెకి కూడా నేర్పాడు. నాలుగో ఏడు వచ్చేసరికి, "నా చెవి ముసలిదైపోయింది అమ్మాయ్, నువ్వే విని చెప్పు" అని గొట్టం ఆమె చేతికే ఇచ్చేవాడు.

భర్త ఆ ఆరేళ్ళలో షెడ్డులోకి రెండుసార్లు వచ్చాడు. ఒకసారి గొడుగు వెతుక్కుంటూ. ఇంకోసారి, అన్నం ఎప్పుడు పెడతావని అడగడానికి.

తర్వాత కారుకి రంగు పడింది. ఇంజను గొంతు విప్పింది. మొదటిసారి వీధిలోకి తీస్తే పిల్లా పెద్దా గేట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆ మర్నాడే ఆయనగారు ఒక గళ్ళ టోపీ, వేళ్ళ మొదట్లో చిల్లులున్న తోలు చేతొడుగులూ కొనుక్కొచ్చాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే అయింది. పాత కార్ల సంఘంలో చేరాడు. ఆఫీసులో, మంగలి షాపులో, చావు పరామర్శకి వెళ్ళిన చోట కూడా "నా కారు, నా కారు" అని మొదలుపెట్టాడు. మొదట్లో ఆమె నవ్వుకుంది. పోనీలే, ఇన్నాళ్ళకి మురిసిపోతున్నాడు అనుకుంది. అక్కడే తప్పు చేసింది. చనువిస్తే చంకనెక్కే మనిషని పాతికేళ్ళ కాపురంలో తెలియకపోలేదు.

ఇంకొక్క సంగతి. ఆ కారుకి ఒక గుణం ఉంది. గేరుబాక్సులో నూనె చల్లగా, చిక్కగా ఉన్నంతసేపూ దానికి రెండో గేరు వెయ్యకూడదు. ఒకటి నుంచి నేరుగా మూడుకి వెళ్ళాలి. పావుగంట నడిచి నూనె పలచబడ్డాక రెండు ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. రెండో గేరు దగ్గర సన్నటి ఇత్తడి ఉంగరం ఒకటి ఉంటుంది. తిరిగే చక్రాల వేగాలు కలిపి గేరు మెత్తగా పడేలా చేసేది అదే. చల్లారిన బండిలో బలవంతంగా తోస్తే ఆ ఉంగరం పళ్ళు రాలిపోతాయి. ఆ ఒక్క ఉంగరం దొరకడానికి వాళ్ళకి పద్నాలుగు నెలలు పట్టింది. ఇలాంటి కారు ఉన్నవాళ్ళెవరైనా మొదట నేర్చుకునేది ఈ ముక్కే. భర్తకి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆయన తలూపాడు.

గురువారం మధ్యాహ్నం ఆయన భోజనానికి రాగానే ఆమె అట్టను కంచం పక్కన పెట్టింది.

"ఏమిటండీ ఇది?"

"వచ్చేసిందా? అచ్చు బాగా పడింది."

"యజమాని అని మీ పేరుంది."

"ఫారం నింపింది నేనేగా."

"నింపినవాళ్ళ పేరు అడగలేదు వాళ్ళు. యజమాని పేరు అడిగారు. కాయితాలు నా పేరు మీద ఉన్నాయి."

ఆయన ఓ ముద్ద నమిలి మింగి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "చూడు, సంఘంలో అందరికీ తెలిసింది నేను. అక్కడ నీ పేరు రాస్తే, ఎవరీవిడ అని అడుగుతారు."

"అడిగితే చెప్పండి."

"అబ్బబ్బ, ఇప్పుడేం కొంప మునిగిందని? కొండ నువ్వే ఎక్కించు. జెండా ఊపేదాకా నేను కూర్చుంటాను, అంతే. తర్వాత సీటు మారదాం. సరేనా?"

ఆమెకి కావలసింది ఆ కొండే. కింది మైదానం నుంచి పైనున్న అతిథి గృహం దాకా పదకొండు మెలికల దారి. మైనం గీకుతూ, తుప్పు గీకుతూ ఆరేళ్ళుగా ఆమె ఆ దారిని మనసులో ఎన్నిసార్లు ఎక్కిందో లెక్క లేదు. ఆ పదకొండు మెలికలూ తన చేతుల్లో తిరిగితే చాలు, అట్ట మీద పేరుతో పనేముంది అనుకుని, సరే అంది. ఆ రాత్రే తన మీద తనకి ఒళ్ళు మండింది గానీ, మాట ఇచ్చేసింది.

ఆదివారం తెల్లవారుజామున చలి కొరికేస్తోంది. మైదానం దాకా కారు తనే నడిపింది. ఒకటి, ఆ తర్వాత మూడు. ఆరున్నరకల్లా వరసలో పద్నాలుగో చోట నిలబెట్టింది. మొత్తం ఇరవై కార్లు. పరుగు మొదలయ్యేది తొమ్మిదిన్నరకి. ఈలోగా ఉపన్యాసాలు, ఫోటోలు, టీ. చెవి మేస్త్రి మొదటి బస్సుకి వచ్చి, చంకలో పనిముట్ల సంచితో కారు వెనక నిలబడ్డాడు. గాలికి బానెట్టు చల్లగా అయిపోయింది. గేరుబాక్సులో నూనె కూడా చిక్కబడే ఉంటుందని ఆమె అనుకుంది.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. పరుగుకి ముందు ప్రతి యజమానీ బానెట్టు ఎత్తి, మైకు పట్టుకుని, తన కారు కథ రెండు నిమిషాలు చెప్పాలి. పద్నాలుగో నంబరు వంతు రాగానే ఆయనగారు టోపీ సర్దుకుని మైకు అందుకున్నాడు.

"ఆరేళ్ళ కిందట ఒక కోళ్ళ షెడ్డులో ఇది నా కంటపడింది," అన్నాడు.

ఆమె పక్కనే నిలబడి ఉంది. మొదట తప్పుగా విన్నాననుకుంది.

"అందరూ దీన్ని శవం అన్నారు. నేను పట్టు వదల్లేదు. ఎన్ని సాయంత్రాలు ఆ షెడ్డులో గడిపానో నాకే తెలుసు. ఈ ఆరు కార్బరేటర్లూ నేనే విప్పి, నేనే తుడిచి, నేనే బిగించాను." ఉన్నవి రెండే. రెండింటికీ కలిపి నోళ్ళు నాలుగు. ఆరు అన్న అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకే తెలియాలి. చెప్పేవాడికి వినేవాడు లోకువ. జనం చప్పట్లు కొట్టారు. చెవి మేస్త్రి తల దించుకుని సంచి తాడు ముడి విప్పి, మళ్ళీ వేసుకున్నాడు.

"ఇంట్లోవాళ్ళ సహకారం కూడా ఉందనుకోండి," అని ఆయన ఆమె వైపు చెయ్యి చూపించాడు. "టీలు అందించేది."

జనం నవ్వారు. ఆరేళ్ళూ ఆమె చేతి గోళ్ళ సందుల్లో నల్లటి నూనె పోలేదు. పళ్ళ పనికి కూర్చునే ముందు రోజూ పావుగంట బ్రష్షుతో తోముకునేది. ఆ చేతుల్ని ఒక్కరోజు కూడా చూడని మనిషి ఇవాళ మైకులో వాటి పనంతా తన చేతులకి తొడుక్కున్నాడు. ఇంకా నయం, పళ్ళు కూడా నేనే చేస్తానని చెప్పలేదు.

అప్పటికి ఊరుకున్నా బాగుండేది. చప్పట్లు తలకెక్కిన మనిషి ఎక్కడ ఊరుకుంటాడు? మైకు ఇచ్చేసి, బానెట్టు దించి, కారెక్కి స్టార్ట్ చేశాడు. చుట్టూ ఉన్న నలుగురైదుగురితో అన్నాడు. "ఇంకో తమాషా చెప్పనా? మా ఆవిడకి రెండో గేరు పడదు. ఒకటి నుంచి ఎకాఎకి మూడుకి దూకుతుంది. అడిగితే నూనె, చలి అని శాస్త్రం చెబుతుంది. చేతిలో బలం లేక గానీ, రెండో గేరు పడని కారు ఎక్కడైనా ఉంటుందా?"

ఆమెకి అప్పుడు తెలిసింది. చెప్పిన ప్రతిసారీ ఆయన తలూపింది విని కాదు. చేతకానితనానికి సాకు చెబుతోందని లోపల నవ్వుకుంటూ తలూపాడు.

"ఆపండి," అంది ఆమె. "బండి చల్లారిపోయింది."

"చూశారా, నేను చెప్పలేదూ?" అని ఆయన కన్నుగీటి, ఒకటో గేరులో ముందుకి కదిలించి, రెండులోకి తోశాడు. పడలేదు. పళ్ళు నూరుకున్న చప్పుడు మైదానమంతా వినబడింది. వెనక్కి లాగి మళ్ళీ తోశాడు. మూడోసారి ఆ చిల్లుల చేతొడుగు వేసుకున్న అరచేతిని గేరు కర్ర మీద పెట్టి, భుజం బలమంతా వేసి నెట్టాడు. లోపల ఏదో కరకరలాడి, ఆ తర్వాత గేరు కర్ర వెన్నలోకి పోయినట్టు మెత్తగా పోయింది.

"పడిందా లేదా?" అన్నాడు ఆయన.

చెవి మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. "పోయింది అమ్మాయ్," అన్నాడు నెమ్మదిగా.

ఆయన ఇంకోసారి రెండు వేయబోతే ఈసారి గేరు ససేమిరా అంది. చెవులు చిల్లులు పడేలా అరిచి బయటికి తన్నేసింది. ఆయన మొహం పాలిపోయింది. జనం మూగారు. అందరూ ఓదార్చింది ఆయన్నే. "పాత బండ్లంతే సార్," అన్నాడొకడు. "పాపం, అంత కష్టపడి చేసుకున్నారు," అన్నాడు ఇంకొకడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆయన టోపీ తీసి, "మేస్త్రి సరిగ్గా బిగించి ఉండడు," అన్నాడు.

ఆ మాట మేస్త్రి చెవిన పడింది. డెబ్బై ఏళ్ళ మనిషి నేల మీద పడుకుని కారు కిందికి జరిగాడు. గేరుబాక్సు అడుగు మర కొంచెం వదులు చేసి, డబ్బా మూతలోకి రెండు చెంచాల నూనె పట్టి, మర బిగించి బయటికి వచ్చాడు. ఆమె ఆ నూనెని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, ఎండకి చూసింది. పసుపుపచ్చటి రజను మెరిసింది.

"ఇత్తడే," అంది. "ఇనుము లేదు కదా బాబాయ్?"

"లేదమ్మా. ఉంగరం పోయింది. గేరు పళ్ళు బతికే ఉన్నాయి."

"అయితే నడవొచ్చు."

"నడిపేవాళ్ళని బట్టి. వేగాలు కలిపే ఉంగరం లేదు కాబట్టి ఆ పని నీ చెవి, నీ కాలు చెయ్యాలి. ఇంటికి వెళ్ళగానే విప్పి కడిగేద్దాం."

ఆమె నూనె చేతుల్తోనే నమోదు బల్ల దగ్గరికి నడిచింది. భర్త వెనకే వచ్చాడు. సంఘం ప్రెసిడెంటు అక్కడే ఉన్నాడు, తెల్ల మీసాల పెద్దమనిషి. పద్నాలుగో నంబరు నేను నడుపుతాను అని ఆమె చెబితే, ఆయన ఫారం తీసి చూశాడు.

"వీలు కాదమ్మా. నడిపేవారిగా ఎవరి పేరుందో వాళ్ళే చివరిదాకా నడపాలి. మధ్యలో మారడానికి లేదు. ఫారం వెనకే రాసి ఉంది, మీవారు చదివి సంతకం పెట్టారు."

ఆమె భర్త వైపు తిరిగింది. జెండా ఊపాక సీటు మారదాం అన్న మాట గురువారం నుంచి ఆమె లోపల దీపంలా పెట్టుకుంది. అది ఇచ్చినప్పుడే అబద్ధం.

"ఇప్పుడు మార్చుకోవచ్చా?" అంది ఆమె ప్రెసిడెంటుతో.

"ఇంకా పది నిమిషాలుంది. సంతకం చేసినాయనే తన పేరు కొట్టేసి, మీ పేరు రాసి ఇస్తే చాలు. యజమాని దగ్గర కూడా మీరేనంటే అక్కడా మార్చాలి." ఆయన కలం మూత తీసి బల్ల మీద పెట్టాడు.

భర్త కలం అందుకున్నాడు. బల్ల చుట్టూ పదిమంది ఉన్నారు. మైకులో కథ విన్నవాళ్ళు, టీల మాటకి నవ్వినవాళ్ళు. ఆయన గొంతు తగ్గించి, "నలుగురిలో నా పరువు తియ్యకు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం," అన్నాడు.

"నా కారు నలుగురిలోనే విరగ్గొట్టారు. నలుగురిలోనే రాయండి."

ఆయన ఫారం మీదికి వంగాడు. కలం కాసేపు కాయితం మీద ఆగింది. ఆ కాసేపట్లో ఆమె అన్నీ క్షమించడానికి సిద్ధపడింది. మైకు, ఉంగరం, టీలు, అన్నీ. పెళ్ళయిన ఆడదానికి ఆ జబ్బు ఒకటి ఉంటుంది. ఆయన రాసి, సంతకం పెట్టి, ఫారం ప్రెసిడెంటు వైపు తోశాడు. యజమాని గీత అలాగే ఉంది. నడిపేవారి గీత అలాగే ఉంది. అడుగున మాత్రం కొత్తగా ఒక వాక్యం చేరింది. 'కారులో లోపం వల్ల పోటీ నుంచి తప్పుకుంటున్నాం.'

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. ఆమె నడపడం కంటే కారు ఆగిపోవడమే ఆయనకి ఇష్టం. విషయం అంతే, ఇంకేమీ లేదు. ఇరవై రెండేళ్ళు ఎవరెవరి నోళ్ళలోకో పళ్ళు తయారు చేసింది గానీ, తన పళ్ళు బిగబట్టుకుని బతికిందని ఆ బల్ల దగ్గర నిలబడి ఉండగా ఆమెకి అర్థమైంది. కోపం అంతా ఒక్కసారిగా వచ్చింది. వచ్చి, పోలేదు.

"పరుగు అయ్యాక దారి అందరికీ ఎప్పుడు తెరుస్తారు?" అని ప్రెసిడెంటుని అడిగింది.

"పన్నెండింటికమ్మా."

పంతొమ్మిది కార్లు ఒకదాని వెనక ఒకటి పొగ వదులుతూ వెళ్ళిపోయాయి. చివరగా ప్రెసిడెంటు టాపు లేని కారు బయలుదేరింది. అందులో ఆయన పక్కన ఆమె భర్త, గాలికి టోపీ ఎగరకుండా ఒక చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. పైన అతిథి గృహంలో భోజనాలున్నాయి మరి. వెనక్కి తిరిగి చూడలేదు.

పన్నెండు అయ్యేదాకా ఆమె కారు పక్కన నేల మీద కూర్చుంది. మేస్త్రి తెచ్చిన రొట్టె ఇద్దరూ పంచుకుని తిన్నారు. ఆమె అద్దం మీది అట్టను గోటితో లేపి, పీకి, నలిపి చెత్తడబ్బాలో వేసింది. పన్నెండింటికి అడ్డుకర్ర ఎత్తారు. మైదానం చుట్టూ పావుగంట తిప్పి నూనె వేడెక్కించి, దారి మీదికి ఎక్కించింది. మేస్త్రి పక్క సీట్లో సంచి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. వినడానికి ఆయనకి అదే సుఖం.

మొదటి మెలిక దగ్గర తప్పింది. మూడు నుంచి రెండుకి దిగాలి. క్లచ్ నొక్కి గేరును మధ్యలోకి తెచ్చి, క్లచ్ వదిలి, కుడికాలితో ఒక్క తొక్కు తొక్కి ఇంజను గొంతు పెంచి, ఆ గొంతు సరైన చోటికి వచ్చిన క్షణంలోనే మళ్ళీ క్లచ్ నొక్కి రెండులోకి తోయాలి. ముందే తోసింది. పళ్ళు అరిచాయి. ఆ అరుపు ఆమె దవడలోకి దిగింది.

"తొందరపడ్డావు," అన్నాడు మేస్త్రి కళ్ళు తెరవకుండా.

రెండో మెలిక దగ్గరా అరిచింది, కొంచెం తక్కువగా. మూడో మెలిక దగ్గర రెండో గేరు చప్పుడు లేకుండా పడింది. కారు లోయ వైపు ముక్కు పెట్టి, మళ్ళీ కొండ వైపు తిరిగి, నాలుగు నోళ్ళతో గాలి పీల్చుకుని పైకి లాగింది. స్టీరింగు ఆమె చేతుల్లో బరువెక్కి, తేలికైంది. ఆరేళ్ళుగా ఆమె ఊహించుకున్నది సరిగ్గా ఇలాగే ఉంది. ఊహించుకోనిది ఒక్కటే, కోపం. సంతోషం వస్తే కోపం పోతుందనుకుంది. రెండూ పక్కపక్కన కూర్చున్నాయి.

"నాకు ఏడుపు రావడం లేదు బాబాయ్," అంది ఐదో మెలిక దాటాక. "కోపం వస్తోంది."

"రానీ. కాలి మీదికి మాత్రం రానివ్వకు."

రానివ్వలేదు. ఆ తర్వాత పదకొండో మెలిక దాకా గేరు ఒక్కసారి కూడా అరవలేదు.

పైన అతిథి గృహం ముందు పంతొమ్మిది కార్లూ వరసగా ఉన్నాయి. జనం చెట్ల కింద బల్లల దగ్గర భోజనాలు చేస్తున్నారు. ఎర్ర కారు మలుపు తిరిగి రాగానే తలలన్నీ లేచాయి. ఇంజను చప్పుడు విని కొందరు కంచాలు పెట్టేసి దగ్గరికి వచ్చారు. ప్రెసిడెంటు ముందుకొచ్చి, "రెండో గేరు లేకుండానా?" అన్నాడు, నమ్మలేక.

"లేకుండానే," అన్న జవాబు వెనక నుంచి వచ్చింది. ఆయనగారు చెయ్యి తుడుచుకుంటూ వస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది. "నేను చెప్పలేదూ? రెండో గేరు లేకపోయినా నా బండి కొండెక్కుతుంది. అంత గట్టిగా చేశాను దాన్ని."

ఎవరో చప్పట్లు కొట్టారు. ఆయన తలుపు దగ్గరికి వచ్చి, టోపీ తలకి తగిలించి, మేస్త్రి వైపు వంగాడు. "మేస్త్రీ, నువ్వు దిగి భోంచెయ్. కిందికి మేమిద్దరం వెళ్తాం."

మేస్త్రి చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది.

"కూర్చో బాబాయ్," అంది ఆమె. ఇంజను ఆపలేదు. భర్త వైపు చూసింది. "ఒక్క మాట అడుగుతాను, చెప్పి ఎక్కండి. ఈ కారు ఎవరిది?"

చుట్టూ చెంచాల చప్పుడు తగ్గింది. ఆయన అటూ ఇటూ చూశాడు. చూసేవాళ్ళు చాలామందే ఉన్నారు. కోపగించుకుంటే చిన్నతనం, నిజం చెబితే ఇంకా చిన్నతనం. రెండూ తప్పించుకునే దారి ఆయనకి ఇట్టే దొరికింది. పెద్దమనసుతో నవ్వాడు.

"ఇదేం ప్రశ్న? మనది."

"బాగా చెప్పారు సార్," అన్నాడు ఒకడు. ఇద్దరు ముగ్గురు మెచ్చుకోలుగా నవ్వారు.

నీది అని ఉంటే ఆమె తలుపు తీసేది. ఆ కొండ మీద, ఆ క్షణాన కూడా తీసేది. అరిచి తిట్టినా ఇంటికెళ్ళి దెబ్బలాడుకోవచ్చు. తుప్పు గీకినన్నాళ్ళూ శవం ఆమెది. ఎర్రరంగు పడ్డాక కారు ఆయనది. ఇప్పుడు నలుగురి ముందు నిలదీస్తే, దానధర్మం చేసినట్టు సగం ఆమెకి ఇస్తున్నాడు. ఆమెదే తీసి.

ఆమె ఒకటో గేరు వేసి క్లచ్ వదిలింది. ఆయన చెయ్యి తలుపు మీంచి జారిపోయింది. అద్దంలో టోపీ ఒకటి కాసేపు కనబడింది. మలుపు తిరిగాక అదీ కనబడలేదు.

రెండు మెలికలు దిగారు. మేస్త్రి ఒళ్ళో సంచి సర్దుకుని, "ఇంటికి ఎలా వస్తాడమ్మా ఆయన?" అన్నాడు.

"ఆయనకేం బాబాయ్," అంది ఆమె, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా. "అక్కడ అన్ని కార్లున్నాయి. ఏదో ఒకటి 'నా కారు' అని ఎక్కుతారు."

ఆమె నవ్వడానికి అనలేదు. మేస్త్రి నవ్వలేదు కూడా.